అత్తగారూ, అదనపు నలభై నిమిషాలూ

జనవరి 6

లిఫ్టు మెకానిక్కులలో మేటి, మా అక్క ఏరికోరి చేసుకున్న మహానుభావుడు, శ్రీమాన్ బావగారి సముఖమునకు,

బావమరిది సాష్టాంగపడి రాయునది. (సాష్టాంగం ఉత్తరంలోనే. ఎదురుగా ఉంటే చెయ్యి ఊపి ఊరుకుంటాను.)

నీ టెలిగ్రాం అందింది. ‘అక్క నిచ్చెన నుంచి పడింది తుంటి విరిగింది’ అని రాశావు. చివర్లో ‘ప్రాణభయం లేదు’ అని రెండు మాటలు కలిపితే నీ సొమ్మేం పోయింది? అది చదివిన అమ్మ టైపు మిషను ముందు కూర్చుని, కాగితం పెట్టకుండా గంటసేపు కొట్టింది. పక్కింటివాళ్ల ఫోన్లో నీ గొంతు విన్నాక గానీ ఆగలేదు. ఆ ఫోనూ ఏం సుఖం? ఇచ్చేది మూడు నిమిషాలు, అందులో రెండున్నర నిమిషాలు నువ్వు “హలో, వినపడుతోందా?” అంటావు. కాబట్టి ఇకమీదట ఉత్తరాలే. సైన్‌బోర్డులు రాయడానికి మూడంతస్తుల నిచ్చెన ఎందుకెక్కావని అక్కని నా తరఫున తిట్టు. కట్టు విప్పాకే తిట్టు, ఇప్పుడైతే పాపం పారిపోలేదు.

అసలు సంగతి. ఫిబ్రవరి ఆఖరికి అక్కని ఇంటికి పంపిస్తారన్నావు. నువ్వు షిఫ్టుకి పోతే మీ కవల పిల్లలిద్దరూ ఆ కట్టు మీద గుర్రపుస్వారీ చేస్తారు. అందుకని అమ్మ వస్తానంది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ తాళాలు నాకిచ్చింది. నేను భూగోళశాస్త్రం ఎమ్మే చదివింది ఇందుకే కాబోలు.

చిక్కల్లా ఒక్కటే. కిందటేడు అమ్మ ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టింది కదా. ఆ డాక్టర్ని అడిగితే, వెళ్లొచ్చుగానీ ఏ విమానంలోనూ ఒక్క బిగిన ఎనిమిది గంటలకి మించి కూర్చోకూడదన్నాడు. మళ్లీ గడ్డకట్టి పైకి పాకితే ఊపిరే ఆగిపోతుందట. “మధ్యమధ్య లేచి నడిస్తే సరిపోదాండీ?” అన్నాను. ఆయన అమ్మ వైపు చూశాడు. “పక్కవాళ్లని లేపి, మోకాళ్లు జరపమని, నేను షికారు చెయ్యాలా? బాగుండదు,” అంది అమ్మ. పైగా కదిలేది ఏదెక్కినా అమ్మకి నిద్రే. బస్సు స్టార్టయ్యే చప్పుడుకే తల వాల్చేస్తుంది.

మా ఊరి నుంచి మీ ఊరికి 11,900 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానానికి పదమూడు గంటల ఇరవై నిమిషాలు. అందుకని కాలేజీలో గ్లోబు మీద దారం పట్టి, సరిగ్గా నడిమధ్యన ఒక ఊరు పట్టాను. మా ఊరి నుంచి అక్కడికి 5,700, ఆరు గంటల ముప్పై అయిదు నిమిషాలు. అక్కడ రెండ్రోజులు కాళ్లు చాపుకుని, మళ్లీ 6,300, ఏడుంబావు గంటలు. ఆ ఊరి పేరు వేరే చీటీ మీద రాసి పంపుతున్నాను. చూసి ‘సరే’ అను.

నీ ఏకైక బావమరిది
(ఇంకొకడుంటే వాడి దగ్గరికి పోయేవాడివని తెలుసు)


జనవరి 16

ఒరేయ్ ప్రొఫెసర్,

సరే అనను.

మా ఆఫీసులో గోడంతా ప్రపంచపటం ఉంది. మీటరు బద్ద పెట్టి కొలిచాను. నువ్వు చెప్పిన ఊరు దారిలో లేనే లేదు, గీతకి జానెడు పైన ఉంది. అత్తయ్యగారిని మంచుకొండల మీదుగా ఊరేగించి తీసుకొస్తావా? అక్కడ నీ స్నేహితుడెవడైనా ఉన్నాడా? నిజం చెప్పు. దూరం కూడా నాకు పద్నాలుగు వేల ఎనిమిది వందలొచ్చింది. నువ్వు లిఫ్టులు కట్టే పనిలో లేవు కాబట్టి బతికిపోయారు జనం.

నా గీత మీద, సరిగ్గా మధ్యలో, సముద్రం ఒడ్డున మంచి ఊరుంది. పేరు కింద రాశాను. వెచ్చగా ఉంటుంది. ఇక్కడి ఏజెంటుకి చెప్పి ఆ ఊరి మీదుగా సీట్లు పట్టించాను. నెలాఖరులోగా ఖాయం చెయ్యాలట.

మీ అక్క కులాసా. ఆసుపత్రి వార్డు తలుపు మీద అక్షరాలు వంకరగా ఉన్నాయని నర్సులతో గొడవ పెట్టుకుంది. పిల్లలు నా సంచిలోంచి స్పానరు తీసి మంచానికున్న నాలుగు బోల్టులూ ఊడదీశారు. నేను పడుకున్నాకే తెలిసింది.

బావ


జనవరి 25

మీటరు బద్ద మహారాజుకి,

ఈపాటికి నా టెలిగ్రాం అందే ఉంటుంది. ‘ఆ సీట్లు వద్దు’ అని అంత కటువుగా రాసినందుకు క్షమించు. టెలిగ్రాఫ్ గుమాస్తా ‘దయచేసి’ కొట్టేశాడు.

గోడ మీద పటం అబద్ధాలాడుతుంది బావా. పాపం, దాని తప్పు కాదు. గుండ్రటి దాన్ని తీసుకెళ్లి గోడకి పరవాలంటే ఎక్కడో అక్కడ సాగదియ్యాలి. పైనా కిందా సాగదీశారు. నమ్మకపోతే కవలల బంతి తీసుకో. రెండు పక్కలా రెండు చుక్కలు పెట్టు, రెండూ పై సగంలోనే ఉండాలి. ఇప్పుడు దారం బిగించి పట్టు. అది నడుం చుట్టూ పోదు, నెత్తి వైపుగా వంగి పోతుంది. బంతి మీద అదే తిన్నని దారి. పైలట్లకీ ఆ సంగతి తెలుసు, అందుకే వాళ్లు మీటరు బద్దలు తీసుకెళ్లరు.

నీ వెచ్చటి ఊరిని కూడా కొలిచాను, పక్షపాతం లేకుండా. మా ఊరి నుంచి అక్కడికే 7,900 కిలోమీటర్లు. తొమ్మిది గంటలు దాటుతుంది. నీ మంచి ఊరు అమ్మ పిక్క మీదికి వచ్చేది. స్నేహితుడి సంగతంటావా, నాకు ఆ ఊళ్లో ఎవరూ లేరు. ఉంటే అమ్మ బదులు నేనే వెళ్లేవాణ్ణి.

టికెట్లు తీసుకున్నాను. ఫిబ్రవరి 25 పొద్దున అమ్మ ఎక్కుతుంది, 28 సాయంత్రం మీ దగ్గర దిగుతుంది. దిగగానే రెండు పిక్కలూ చూడు. ఎడమది ఎర్రగా, లావుగా, వేడిగా ఉంటే ఇంటికి కాదు, తిన్నగా ఆసుపత్రికి. ఇది వేళాకోళం కాదు.

దారం పట్టిన చేత్తో,
బావమరిది


మార్చి 2

ఒరేయ్,

దిగారు. బాగున్నారు. రెండు పిక్కలూ ఒక్కలాగే ఉన్నాయి. అత్తగారి పిక్కలు చూడ్డం ఏ అల్లుడికీ రాకూడని కష్టం. మీ అక్కే మంచం మీది నుంచి టేపుతో కొలిచింది, నేను గోడ వైపు తిరిగి నించున్నాను.

సరిగ్గా ఏడుంబావు గంటలు పట్టిందట. ఆవిడ తలుపులోంచి నడిచి రావడం చూసేదాకా అక్కడి కమ్మీ పట్టుకుని వదల్లేదు. బంతీ దారం పరీక్ష కూడా చేశాను. ఒప్పుకున్నాను. ఇది చదివి ఎగరకు.

అత్తయ్యగారు చేతి గడియారం మీ టైముకే ఉంచుకున్నారు. మేం పొద్దున కాఫీ తాగుతుంటే ఆవిడ “సాయంత్రం బ్యాచ్ వచ్చే వేళయింది, వాడు తలుపు తీశాడో లేదో” అంటున్నారు. తీశావా?

తిరుగు టికెట్టు సంగతి రాయి. ఏప్రిల్ 24కి మీ అక్క చేతికర్రతో నడుస్తుందంటున్నారు.

బావ


మార్చి 12

ఓడిన వీరుడికి విజేత ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ‘ఒప్పుకున్నాను’ అన్న వాక్యం కత్తిరించి ఇన్‌స్టిట్యూట్ గోడకి అంటించాను. విద్యార్థులు దాన్నే టైపు చేస్తున్నారు. నిమిషానికి ఇరవై ఒప్పుకోళ్లు.

తలుపు తీశాను అని అమ్మతో చెప్పు. ఏ రోజు ఎన్నింటికి అని అడిగితే మాట మార్చు.

తిరుగు ప్రయాణానికి బెంగేం లేదు. వచ్చిన దారే, అదే ఊరు, అదే దారం. వెనక్కి తిప్పి పట్టుకోవడమే. ఏప్రిల్ 24కి తీసేసుకున్నాను. ఒకసారి అక్కడి విమానాల ఆఫీసుకి వెళ్లి సీటు ఖాయం చేయించు. ఇంతమాత్రం పని నువ్వూ చెయ్యగలవు.

భూగోళ విజేత


మార్చి 23

ఒరేయ్ విజేతా,

గోడ మీద అంటించింది పీకెయ్.

సీటు ఖాయం చేయించడానికి వెళ్లాను. టికెట్టు మీద బయల్దేరే టైమూ చేరే టైమూ వేరే వేరే ఊళ్లవి కదా, అసలు గాలిలో ఎంతసేపని అడిగాను. ఇక్కడి నుంచి నడిమి ఊరికి ఎనిమిది గంటల నలభై నిమిషాలన్నాడు. రెండుసార్లు అడిగాను. మూడోసారికి వాడే కాగితం మీద రాసిచ్చాడు. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోసిందట, పోయేటప్పుడు మొహం మీద కొడుతుందట.

నా తప్పూ ఉంది. ఇరవయ్యేళ్లుగా లిఫ్టులు చూస్తున్నాను. పైకి ఎంతసేపో కిందికీ అంతసేపే. అందుకే నువ్వు ‘అదే దారి’ అంటే తలూపాను. కానీ నువ్వు చదువుకున్నది భూగోళం కదరా, దాని మీద గాలి ఉంటుందని చెప్పలేదా మీ కాలేజీలో? లేక తెలిసే చేశావా? అమ్మని ఇటు పంపడానికి దారుంది, వెనక్కి రావడానికి లేదు. బాగానే ఉంది ఏర్పాటు.

జరిగింది విను. ఇంటికొచ్చి మీ అక్కతో గట్టిగా అన్నాను: “మీ అమ్మగారు ఇప్పట్లో కదిలేట్టు లేరు. ఇప్పుడెలా? ఎన్నాళ్లని?” నా బాధ ఆ పిక్క గురించి. అత్తయ్యగారు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు. నాకు తెలీదు. లోపలికొచ్చి, క్లిప్పులు డబ్బాలో ఒక్కొక్కటీ వేసి, తన గదిలోకి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున సూట్‌కేసు తలుపు దగ్గరుంది, నెల ముందే.

“అల్లుడుగారూ, ఇరవై నాలుగున ఏ విమానం దొరికితే ఆ విమానమే ఎక్కుతాను. నేరుగా పోయేదైనా సరే.”

“అది కాదండీ, ఎనిమిది గంటల నలభై…”

“నలభై నిమిషాలకి ఎవరూ చచ్చిపోరు లెండి.”

చచ్చిపోతారనే కదరా డాక్టరు చెప్పింది! మీ అక్క చెప్పినా వినరు, “మీ ఆయన్ని వెనకేసుకు రాకు” అంటారు. నేను ఉండమంటే మొహమాటానికి అన్నట్టు. వెళ్లమంటే తరిమినట్టు. ఇప్పుడు నా ప్లేటు పెట్టి, “తినండి” అని గోడతో చెబుతున్నారు.

ఏదో ఒకటి చెయ్యి.

బావ


ఏప్రిల్ 1

బావా,

తేదీ చూసి నమ్మడం మానెయ్యకు. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

తప్పు నాది. పూర్తిగా నాది. తెలిసి చెయ్యలేదు. దారం పొడుగు రెండు వైపులా ఒకటేనని మురిసిపోయాను. దారం మీద గాలి వీయదు. నీ ఉత్తరం చదివాక మూడు పూటలు నాకు హాస్యం రాలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు “సార్‌కి జ్వరమా?” అని అడిగారు. గోడ మీది కాగితం పీకేశాను.

మా విమానాశ్రయంలో వాతావరణ కార్యాలయం ఉంది. అక్కడి పెద్దాయన పై గాలుల లెక్కలు చూస్తాడు. రెండ్రోజులు ఆయన గది బయట బల్ల మీద కూర్చుంటే, విసుగొచ్చి లోపలికి పిలిచాడు. “ఏమయ్యా, విమానమేమైనా కొంటున్నావా?” అన్నాడు. అమ్మ సంగతి చెప్పాను. ఆయన కుర్చీ ఎక్కి అలమర మీంచి నాలుగేళ్ల పుస్తకాలు దింపాడు.

ఆ గాలికి ఋతువుంది బావా. చలికాలంలో రెచ్చిపోతుంది, ఏప్రిల్లోనూ తగ్గదు. జులైకి చల్లబడి ఉత్తరానికి జరిగిపోతుంది. నాలుగేళ్ల జులైలలో మీ ఊరి నుంచి నడిమి ఊరికి అతి ఎక్కువ పట్టింది ఏడు గంటల యాభై అయిదు నిమిషాలు. అక్కడి నుంచి మా ఊరికి ఇంకా తక్కువే. కూడికలు ఆయన చేశాడు. నన్ను పెన్సిలు ముట్టుకోనివ్వలేదు, మంచిపని చేశాడు. వేరే దారులూ చూశాం. ముక్కలు చేస్తే నాలుగు విమానాలు, మధ్యలో పడిగాపులు. డాక్టరు వద్దన్నాడు. జులై మొదటి వారమే గతి.

అంటే అమ్మ ఇంకో మూడు నెలలు మీ ఇంట్లో ఉండాలి. నేను రాస్తే వినదు. “నీకేం, ఎక్కడో కూర్చుని రాస్తావు” అంటుంది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇరవై నాలుగుకి మిగిలేది రెండు వారాలు కూడా ఉండదు. నువ్వే చెప్పాలి. విమానం కుదరక ఉండమన్నట్టు కాకుండా, నీ మనసులో ఏముందో అది చెప్పు. నీకు మాటలు రావని తెలుసు. పెళ్లిచూపుల్లో అక్కతో “మీ ఇంటి కరెంటు వైరింగు పాతది” అన్నావు. ఈసారి ఇంకొక వాక్యం ఎక్కువ ఖర్చుపెట్టు.

బతిమాలుకుంటూ,
మీవాడే


ఏప్రిల్ 11

ఒరేయ్,

చెప్పాను.

మూడుసార్లు వంటింట్లో మొదలెట్టాను. “అత్తయ్యగారూ” అనేలోపే ఆవిడకి బయట పని గుర్తొస్తోంది. నిన్న పొద్దున ఒక పని చేశాను. మా కంపెనీవాళ్లు కొత్తగా బిగించిన లిఫ్టు చూద్దురుగాని రండన్నాను. మీ అక్క కన్నుగీటి పంపించింది. ఎక్కాం. నాలుగూ అయిదూ అంతస్తుల మధ్య ఆపేశాను.

“ఏమైంది?” అన్నారు.

“నేనే ఆపానండీ. ఇక్కడైతే మీరు వెళ్లిపోలేరు.”

జేబులో సుద్దముక్క ఉంది. లిఫ్టు గోడ మీద గాలి బొమ్మ వేశాను, విమానం బొమ్మ వేశాను. జనవరి, ఏప్రిల్, జులై అని రాశాను. ఆవిడ చేతులు కట్టుకుని చూస్తున్నారు. మాటలు అయిపోయాయి. నువ్వు ఇంకో వాక్యం అన్నావు గుర్తుందా? అది నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకే తెలీదు.

“ఎన్నాళ్లని అన్నది మీరు ఎక్కువైపోయారని కాదండీ. మీకేమైనా అయితే ఇంట్లో నేను ఎవరి మొహం చూడాలి? మీరొచ్చాక నేను పనిలో ధైర్యంగా ఉంటున్నాను. అంతకు ముందు పైన రోప్ పట్టుకుని ఇంట్లో ఏం విరిగిందో అనుకునేవాణ్ణి.”

ఆవిడ సుద్దబొమ్మ దగ్గరికి వంగి ‘జులై’ మీద వేలు పెట్టారు.

“ఇది చెప్పడానికి లిఫ్టు ఆపాలా అల్లుడుగారూ? వంటింట్లో చెప్తే సరిపోయేదిగా.”

“వంటింట్లో మీరు నించోవడం లేదు కదండీ.”

“మీరు మాత్రం, ఎప్పుడు నోరు విప్పారు గనక నించోడానికి?”

అని నవ్వారు. సరిగ్గా అప్పుడు మూడో అంతస్తులో ఎవరో తలుపు బాదుతూ “మెకానిక్కుని పిలవండి!” అని కేకలు. అత్తయ్యగారు కిందికి వంగి “మెకానిక్కు ఇక్కడే ఉన్నాడు, ఓపిక పట్టండి!” అని గట్టిగా అరిచారు. ముప్పై ఏళ్లు క్లాసు నడిపిన గొంతు. బాదడం ఆగింది.

జులై దాకా ఉంటానన్నారు. సూట్‌కేసు అటక మీద పెట్టాను. సీటు జులై 2కి మార్పించు. ఇన్‌స్టిట్యూట్ సంగతి నువ్వే చూసుకో, నాకు జాలి లేదు.

బావ


జులై 7

బావా,

వచ్చేసింది. ముందు ఆ మాట చదువుకో, మిగతాది కూర్చుని చదువు.

రెండో తేదీ ఎలా గడిచిందో అడక్కు. వాతావరణాల పెద్దాయన గదిలోనే ఉన్నాను. “ఈ రోజు గాలి మెత్తగా ఉందయ్యా” అని ఆయన నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లు అడిగింది నేనే. మర్నాడు తెల్లారేసరికి నడిమి ఊరి నుంచి అమ్మ టెలిగ్రాం వచ్చింది. ‘ఏడు గంటల నలభై ఆరు నిమిషాలు. కాలు బాగుంది. టైపు రిబ్బన్లు కొను.’ పెద్దాయన అది చేతిలోంచి లాక్కుని చదివి, తన పుస్తకంలో తేదీకి ఎదురుగా ఆ అంకె రాసుకున్నాడు. తర్వాత ఇద్దరం క్యాంటీన్‌కి పోయి, చెరో రెండు టీలు తాగాం.

దారిలో ఒక్క గంట కూడా నిద్ర పోనివ్వలేదట. విమానంలో అమ్మాయి గంటగంటకీ వచ్చి “లేవండమ్మా, మీ అల్లుడుగారికి మాటిచ్చాను” అని ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించిందట. “పక్కాయన మోకాళ్లు పాపం ఏడుసార్లు జరిపాడు. పరువు పోయింది,” అంటోంది. అంటూ నవ్వుతోంది. ఆ అమ్మాయికి నువ్వేం చెప్పావో నాకు తెలీదు. నువ్వు ఒక అపరిచితురాలితో అన్ని మాటలు మాట్లాడావంటే, విమానమే ఆలోచనలో పడి ఉంటుంది.

నిన్న రెండో విమానం దిగింది. నేను తలుపు దగ్గర చక్రాల కుర్చీ పట్టుకుని నించున్నాను. అమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, “నీకేమైందిరా?” అంది. సూట్‌కేసు అందులో పెట్టించి, నన్ను తోసుకు రమ్మని ముందు నడిచింది. గబగబా నడిచింది బావా. ఆ జనంలో నేను దాదాపు పరిగెత్తాను.

ఇవాళ డాక్టరు కొలిచాడు. రెండు పిక్కలకీ తేడా లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో నేను పాడుచేసిన మిషన్లు మూడు అని అమ్మ తేల్చింది. నాకు ఉద్యోగం పోయింది. ఇంత హాయిగా ఎప్పుడూ లేను.

అక్క కర్ర లేకుండా నడుస్తోందట కదా. నిచ్చెన దాచెయ్.

నిశ్చింతగా,
బావమరిది


జులై 17

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మీ అక్క రెండుసార్లు చదివించుకుంది. నిచ్చెన దాచాను, కవలలు చూపించేశారు.

నువ్వు రెండో తేదీ గురించి రాశావు కాబట్టి నాదీ రాస్తున్నాను. ఆవిణ్ణి ఎక్కించి పనిలోకి పోదామనుకున్నాను. పోలేకపోయాను. విమానాల ఆఫీసుకి పోయి కౌంటరు ముందున్న కుర్చీలో కూర్చున్నాను. దిగితే వార్త వస్తుందన్నారు. నేను పొద్దున్నించి కదలకపోవడం చూసి గుమాస్తా రెండుసార్లు నీళ్లిచ్చాడు. విమానం లేచి ఏడు గంటలు దాటాక నేను అతని గోడ గడియారం వైపే చూస్తున్నాను. అప్పుడు లోపల మిషను టకటకమంది. కాగితం చించుకొచ్చి, “దిగిందండీ” అన్నాడు. నేను లేవబోతే కాళ్లు మొద్దుబారి ఉన్నాయి, మళ్లీ కూర్చున్నాను.

“ఎవరండీ అందులో, మీ అమ్మగారా?” అని అడిగాడు.

వివరం చెప్పే ఓపిక లేక అవునన్నాను. ఓపికున్నా అవుననేవాణ్ణే.

ఈ సంగతి ఆవిడకి చెప్పకు. చెప్పినా, నేను రాశానని చెప్పకు.

బావ